హెడ్డు దించిన సెలవులు

వారానికి ఒక్కసారి, శనివారం సాయంత్రం, నాకు ఒక ఫోను వచ్చేది. పులివెందులకు అవతల చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉన్న ఒక పెద్దాయన చేసేవాడు. "సార్, రేపు వస్తాండారా?" అని అడిగేవాడు. "తప్పకుండా వస్తానండి" అని నేను బదులు చెప్పేవాడిని. "సరే సార్" అని పెట్టేసేవాడు. ఆ సంభాషణ ఏనాడూ అంతకంటే పొడవుగా సాగలేదు. అయినా ఆ రోజు మధ్యాహ్నం నుంచే నేను ఫోనును బల్ల మీద కళ్ళెదురుగా పెట్టుకుని కూర్చునేవాడిని. వారం మొత్తంలో నన్ను ఎక్కడికైనా రమ్మని అడిగే గొంతు అదొక్కటే.

జమ్మలమడుగులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో నేను తెలుగు బోధిస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని. మా నాయన పికప్ బండి నడిపి నన్ను చదివించాడు. నేను ఇంటరులో ఉండగా అమ్మ పోయింది. నాయన పోయి రెండేళ్ళు దాటింది. తోబుట్టువులు లేరు. బస్టాండు వెనక ఒక మేడ మీది గదిలో అద్దెకు ఉంటాను. నాయన నాకు విడిచి వెళ్ళినవి ఆ పాత పికప్పు, దానితోపాటు ఆయన ఆదివారాలు. ఆ తోట కాయలను ప్రతి ఆదివారమూ ప్రొద్దుటూరు మండీకి చేర్చడం ఆయనకు ఏళ్ళ తరబడి వాడుక. చీనీ లేని నెలల్లో అరటి గెలలు వేసేవాడు. ఆయన పోయిన పదిహేను రోజులకు తోట పెద్దాయన ఫోను చేసి, "బండి ఉండాది గదా సార్, ఎవురన్నా తోల్తారా?" అని మొహమాటంగా అడిగాడు. నేనే వస్తానని చెప్పాను. లెక్చరరు పండ్ల బండి తోలడం చూడముచ్చటగా ఉండదని కళాశాలలో ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నవ్వేసి తరగతికి వెళ్ళిపోయాను.

బండ్ల స్టాండులో నాయనకు చాలామంది స్నేహితులు ఉండేవారు. ఆయన వస్తే "రాప్పా రా, బండి ఆపి పొద్దుగాల్నించి యాడ సచ్చినావు?" అని కేకలు వేసేవారు. టీ గ్లాసు ఒకరి చేతి నుంచి ఒకరికి మారేది. ఇప్పుడు నేను అదే బండిని అదే చోట ఆపితే వాళ్ళు లేచి నిలబడతారు. ఒకాయన తుండుగుడ్డతో బల్ల తుడుస్తాడు. "సార్ వచ్చినాడు, జరగండప్పా" అంటాడు. నేను కూర్చున్న తర్వాత ఎవరూ మాట్లాడరు. తప్పు వాళ్ళది కాదు. నేను నోరు తెరిస్తే పాఠ్యపుస్తకం మాట్లాడినట్లు ఉంటుందని నాకూ తెలుసు. మార్చుకోవాలని ప్రయత్నించాను, అలా ప్రయత్నించినప్పుడు వాళ్ళ ముఖాల్లో కనిపించిన ఇబ్బంది చూసి మానుకున్నాను.

నాయన నాకు బండి తోలడం నేర్పాడు కానీ, బానెట్టు ఎత్తినప్పుడు మాత్రం దగ్గరికి రానిచ్చేవాడు కాడు. "మసి అంటుతాది, పో పో. ఆ చేతులు పుస్తకాలు పట్టుకునేవి" అనేవాడు. అందువల్ల ఆ ఇంజను గురించి నాకు తెలిసినది రెండే పనులు. ఆయిలు కొలబద్ద చూడడం, రేడియేటరులో నీళ్ళు పోయడం. రేడియేటరుకు ఎక్కడో సన్నటి కారుడు ఉండేది. వారానికి మూడు నాలుగు సీసాల నీళ్ళు తాగేది. శనివారం సాయంత్రం ఫోను వచ్చిన తర్వాత, మేడ మీది కొళాయి నుంచి సీసాలు నింపుకుని కిందికి దిగి పోసేవాడిని. ఆ పనిని ఎంతో శ్రద్ధగా చేసేవాడిని.

దసరా సెలవులు మొదలైన ఆదివారం అది. తెల్లవారక ముందే బయలుదేరి, ముద్దనూరు మీదుగా తోటకు చేరాను. కూలీలు చీనీకాయల పెట్టెలు ఎక్కించారు. లోడు కట్టడం పూర్తయ్యేసరికి, ఎప్పటిలాగే బండి ముందు చక్రం పక్కన కూలీల నీళ్ళ క్యాను ఒకటి ఉంది. ఎవరో ప్రతి వారమూ దాన్ని అక్కడే మరిచిపోయేవారు. చక్రం కింద పడి నలుగుతుందని, నేను ఎప్పటిలాగే దాన్ని మోసుకెళ్ళి మోటారు గది గడప పక్కన జాగ్రత్తగా నిలబెట్టి వచ్చాను. తోట పెద్దాయన దూరం నుంచి చూశాడు. నమస్కారం పెట్టి బయలుదేరాను.

ముద్దనూరు ఇంకా కొంత దూరం ఉందనగా, ఒక మిట్ట ఎక్కుతున్నప్పుడు వేడి చూపించే ముల్లు ఎర్రగీతను తాకింది. సైలెన్సరు నుంచి తెల్లటి పొగ దట్టంగా వచ్చింది. బండిని పక్కకు ఆపి, చల్లారేదాకా రోడ్డు మీద నిలబడి, ఆ తర్వాత గుడ్డ చుట్టి రేడియేటరు మూత తీశాను. లోపల నీళ్ళు లేవు. ఆయిలు పోసే మూత తిప్పి చూస్తే దాని అడుగున పాలు కలిపిన టీ రంగులో జిగురు అంటుకుని ఉంది. అది ఏమిటో నాకు తెలియదు కానీ, మంచిది కాదని తెలిసింది.

నాకు నేనుగా ఆ పెద్దాయనకు ఫోను చేయడం అదే మొదటిసారి. గంట గడవక ముందే ఆయన మోటారు సైకిలు మీద వచ్చాడు. వెనకే ఇంకో పికప్పు, కొత్తది, వచ్చి ఆగింది. దాన్ని తోలే యువకుడు దిగీ దిగకముందే నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏం మామా, పొగ చూస్తే ఆంజనేయుడు లంక కాలుస్తాండాడేమో అనుకున్యా!"

"మూసుకోని పెట్టెలు మార్చురా. కాయలు ఎండకు మెత్తబడ్తాయి" అని పెద్దాయన కూడా నవ్వాడు. ఆయన నవ్వగలడని నాకు అప్పటివరకు తెలియదు. తర్వాత నా వైపు తిరిగి ముఖం సర్దుకుని, "ఏమనుకోవద్దు సార్. సరుకు నిలవదు" అన్నాడు.

"అయ్యో, అందులో అనుకోవడానికి ఏముందండి" అన్నాను.

"వచ్చే వారం గూడా నేనే రావల్నా మామా?" అని ఆ యువకుడు తాళ్ళు బిగిస్తూ అడిగాడు.

పెద్దాయన నా బండి వైపు చూశాడు. "సార్ బండి బాగయ్యేదాంక సూద్దాంలే" అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు. ట్రాక్టరు ఒకటి దొరికేదాకా, ఖాళీ బండి పక్కన నేను ఆ మాటనే పట్టుకుని నిలబడ్డాను. బండి బాగైతే ఆదివారాలు ఉంటాయి. బాగవకపోతే శనివారం సాయంత్రం ఫోను మోగడానికి కారణం ఉండదు.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు వైపు, నాయన ఎప్పుడూ వెళ్ళే మెకానిక్కు షెడ్డు ఉంది. మెకానిక్కు అరవై దాటిన ముస్లిం పెద్దమనిషి. ట్రాక్టరు నా బండిని ఈడ్చుకుని లోపలికి తెచ్చేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు. బండిని చూశాడు, నన్ను చూశాడు.

"మీ నాయన బండి గదా ఇది. నువ్వు ఆ తెలుగు సార్‌వి."

"అవునండి. నమస్కారం."

"అండీ గిండీ పెట్టుకుంటే పని నడ్సదు ఈడ. మీ నాయన పోయినప్పుడు మట్టికి వచ్చింటి నేను. నువ్వు నన్ను చూసిందే ల్యా, యాడో చూస్తాంటివి ఆ పొద్దు." ఆయన ఆయిలు మూత తీసి వేలితో జిగురు తుడిచి నాకు చూపించాడు. "హెడ్ గ్యాస్కెట్టు పోయింది. నీళ్ళు ఆయిల్లేకి దిగినాయి. ఇంజను మీద మూత మాదిరి ఉండే హెడ్డు దించల్ల."

తనకు కుడి భుజం పట్టేసి చేయి పైకి లేవడం లేదని, షెడ్డులో పని నేర్చినవాళ్ళంతా కువైట్‌లో ఉన్నారని చెప్పాడు. "ఈడ నేర్చుకోని ఆడ విప్పుతాండారు బండ్లు. నేను ఒగన్నే మిగిల్నా. సెలవులే గదా నీకు? నేను చెప్తా, నువ్వు విప్పు."

"నాకు పానా పట్టుకోవడం కూడా రాదు భాయ్."

"మీ నాయనకూ పద్యం రాదు. బతకలేదా?"

అలా నేను ప్రతి ఉదయమూ జమ్మలమడుగు నుంచి బస్సులో ప్రొద్దుటూరుకు వెళ్ళడం మొదలుపెట్టాను. దసరా అంటే ఆ ఊరికి ఊరే మారిపోతుంది. వీధి వీధికీ దీపాల తోరణాలు, గుడి దారిలో పూలు, బంగారు అంగళ్ళ ముందు కొత్త బట్టలు కట్టుకున్న కుటుంబాలు. బస్సు నిండా ఉత్సవం చూడడానికి వచ్చే జనం. వాళ్ళ మధ్య పాత చొక్కా వేసుకుని, అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడిని. తిరుగు ప్రయాణంలో చేతులకు మసి ఉండేది. పక్క సీటు ఖాళీగా ఉన్నా, చీర పాడవుతుందని ఆడవాళ్ళు నిలబడే ఉండేవారు. నేనే లేచి తలుపు దగ్గరికి వెళ్ళేవాడిని.

విప్పుతున్న ప్రతి ముక్కకూ కాగితం అంటించి అంకె వేశాను. ఆ అంకెను నోటుపుస్తకంలో రాసి, అది ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన చిన్న బొమ్మ గీశాను. మెకానిక్కు స్టూలు మీద నుంచి చూసి కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏందప్పా, ఇంజనుకు పరీచ్చ పెడ్తాండావా? ఎన్ని మార్కులకు?"

"మళ్ళీ బిగించేటప్పుడు పొరపాటు జరగకూడదని."

"పొరపాటు జరిగితే అదే అర్సి చెప్తాదిలే. ఇంజను మొహమాట పడదు."

అయితే కవాటాలను లేపే ఎనిమిది పొడవాటి కడ్డీలను, అట్టపెట్టెకు ఎనిమిది రంధ్రాలు చేసి వరసగా గుచ్చి పెట్టినప్పుడు, ఆయన దగ్గరికి వచ్చి చూసి తల ఊపాడు. ఏ కడ్డీ ఏ చోట అరిగిందో ఆ చోటికే తిరిగి వెళ్ళాలట. దాన్ని అడగకుండానే చేశానని ఆయనకు నచ్చింది.

హెడ్డు బోల్టులను ఇష్టం వచ్చినట్లు వదులు చేయకూడదు. రెండు చివరల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా, మూడు విడతలుగా వదలాలి; లేకపోతే ఆ ఇనుము వంకర తిరుగుతుంది. ఆయన ఒక్కొక్క అంకె పలికేవాడు, నేను తిప్పేవాడిని. చివరకు గొలుసు కప్పీతో హెడ్డును పైకి లేపాము. కింద నాలుగు సిలిండర్లు నోళ్ళు తెరుచుకుని కనిపించాయి. వాటి మీద పరిచి ఉన్న పలుచటి గ్యాస్కెట్టు రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ మధ్య కాలి తెగిపోయి ఉంది. అది నేను ఊహించినదే. ఊహించనిది వేరే ఉంది. సిలిండర్ల చుట్టూ నీళ్ళు పారవలసిన రంధ్రాల్లో సగానికి సగం తెల్లటి గారతో పూడిపోయి ఉన్నాయి.

మెకానిక్కు స్క్రూడ్రైవరుతో గుచ్చితే ఆ తెలుపు సున్నపురాయిలా పలుకులు పలుకులుగా ఊడింది. ఆయన నవ్వు ఆగిపోయింది. షెడ్డు వెనక గోడ దగ్గరికి నడిచాడు. ఆ గోడ నిండా మేకులు, ప్రతి మేకుకూ పాత గ్యాస్కెట్లు వేలాడుతున్నాయి. తాను మార్చిన ప్రతిదాన్నీ బండి నంబరు రాసి అక్కడ తగిలించడం ఆయన అలవాటు. వెతికి వెతికి ఒకదాన్ని తెచ్చి, నేను తీసినదాని పక్కన పరిచాడు.

"ఇది గూడా ఈ బండిదే. మీ నాయన కాలంలో నేనే మార్చినా. పన్నెండేండ్లు నడ్సి, ముసలిదై పోయింది. నీళ్ళ బొక్కలు చూడు."

చూశాను. పాతదాని రంధ్రాలు అంచులతో సహా శుభ్రంగా ఉన్నాయి.

"పన్నెండేండ్లలో పట్టని సున్నం రెండేండ్లలో యట్ల పట్టె? ఏం నీళ్ళు పోస్తాండావు నువ్వు?"

"మా మేడ మీది కొళాయి నీళ్ళు."

"బోరు నీళ్ళా?"

"అవును."

"నువ్వు అన్నం వండుకునే గిన్నె అడుగు ఎప్పుడన్నా చూసినావా?"

చూశాను. వారం తోమకపోతే తెల్లటి పొర కట్టేది. నెలకొకసారి నిమ్మచెక్కతో రుద్దేవాడిని కూడా. కానీ ఆ గిన్నెకూ ఈ ఇంజనుకూ సంబంధం ఉంటుందని నాకు ఏనాడూ తట్టలేదు.

"మీ నాయన ఇట్లాంటి సున్నం పట్టే చవ్వ నీళ్ళు చుక్క పోయనిచ్చేటోడు కాదు. నేను పోయబోతే కొట్టినంత పని చేసె ఒగసారి. తెల్ల క్యాను ఒగటి సీటు ఎనకాల పెట్టుకోని తిరుగుతాండె, ఎర్రగీత ఉండేది. దాంట్లేవే పోస్తాండె. ఆ క్యాను యాడుండాది?"

ఆ క్యాను నా స్నానాలగదిలో ఉంది. నాయన పోయిన తర్వాత బండి శుభ్రం చేస్తూ దాన్ని పైకి తెచ్చుకుని, గది కడిగే నీళ్ళు పట్టడానికి వాడుతున్నాను. ఆ మాట ఆయనకు చెప్పి, అడిగాను.

"ఆ నీళ్ళు ఆయన ఎక్కడి నుంచి తెచ్చేవాడు?"

"పులివెందుల నుంచి తెస్తాండె. యాడని నాకు చెప్పలా, నేను అడగలా."

మధ్యాహ్నపు ఎండలో, ఆ రెండు గ్యాస్కెట్ల ముందు నేల మీద కూర్చుని ఉండగా నాకు అర్థమైంది. తోటలో ప్రతి ఆదివారమూ ముందు చక్రం పక్కన ఉండే క్యాను కూడా తెల్లదే. దానికీ నడుము దగ్గర ఎర్రగీత ఉంది. రెండేళ్ళపాటు, వారం తప్పకుండా, నేను దాన్ని ఎత్తుకెళ్ళి మోటారు గది గడప దగ్గర పెట్టి వచ్చాను.

ఆ తర్వాతి రెండు రోజులు సున్నం గోకడంతో గడిచాయి. తీగతో, చిన్న ఉలితో, ప్రతి రంధ్రాన్నీ తెరిచాను. హెడ్డు అడుగుభాగాన్ని చదును చేయించడానికి ఆటోలో లేత్ షాపుకు తీసుకెళితే తలుపులు మూసి ఉన్నాయి. ఆయుధపూజ. కిటికీలో నుంచి చూస్తే యంత్రాలన్నీ పసుపు కుంకుమలతో, బంతిపూల దండలతో ఉన్నాయి. పూజకు పెట్టిన పనిముట్టును ఆ రోజు ఎవరూ ముట్టుకోరు. ఆదివారం దాటేదాకా షాపు తెరవరని పక్క అంగడివాళ్ళు చెప్పారు. హెడ్డును తిరిగి షెడ్డుకు తెచ్చాను. మెకానిక్కు కూడా తన పానాలను కడిగి, గోనెసంచి మీద వరసగా పరిచి, వాటి ముందు నిమ్మకాయలు పెట్టి ఉన్నాడు. చుట్టుపక్కల షెడ్లన్నీ చేసేది తానూ చేస్తానన్నాడు. నాయన ఉన్నప్పుడు ఆ రోజు మా బండికి గుమ్మడికాయ కొట్టి, అద్దం మీద గంధపు బొట్లు పెట్టేవాడు. ఈసారి తల లేని బండికి బొట్టు ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. స్టీరింగు చక్రం మధ్యలో పెట్టాను.

శనివారం వచ్చింది. మధ్యాహ్నం నుంచి ఫోనును బల్ల మీద పెట్టుకున్నాను. మోగదని తెలుసు. అయినా ఛార్జింగు చూసుకున్నాను, గంట చప్పుడు పెంచాను. కింద వీధిలో దేవర ఊరేగింపు మేళాలు వినిపిస్తుంటే, వాటి మధ్య గంట వినబడదేమోనని కిటికీ మూశాను. చీకటి పడింది. అన్నం వండుకుని, గిన్నె అడుగు చూసి, నిమ్మచెక్కతో రుద్దుకున్నాను.

సోమవారం లేత్ షాపు తెరిచారు. అక్కడి పనివాడు హెడ్డు మీద ఉక్కు బద్దను నిలబెట్టి, దాని కింద పలుచటి రేకులు దూర్చి కొలిచాడు. మధ్యలో వంగి ఉంది. "ఇదివరకే ఒగసారి ఫేసు కొట్టినారు దీనికి. ఇంగ ఒగసారికి మాత్రమే జాగా ఉండాది. ఆ లోపల ఈ మచ్చ పోతే సరే. పోకపోతే పాత ఇనుముకు వేసుకోవల్ల. ఈ మోడలు హెడ్డు యాడా దొరకదు" అన్నాడు.

మచ్చ అంటే రెండు సిలిండర్ల మధ్య వేడికి తిన్న నల్లటి గాడి. నేను యంత్రం పక్కన నిలబడ్డాను. సానరాయి మొదటి విడత వెళ్ళింది. హెడ్డు అంతా వెండిలా మెరిసింది, గాడి అలాగే ఉంది. రెండో విడతకు కొంచెం సన్నబడింది. పనివాడు యంత్రం ఆపి, గోరుతో తడిమి, నా వైపు చూశాడు. "ఇంగొగటే" అన్నాడు. నేను తల ఊపాను. రాయి మళ్ళీ కదిలింది. చప్పుడు ఆగిన తర్వాత కూడా నేను వెంటనే వంగి చూడలేదు. అతనే గుడ్డతో తుడిచి, "పోయింది సార్" అన్నాడు. వేలు పెట్టి తడిమాను. ఏమీ తగలలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరైనా ఉంటే బాగుండుననిపించింది. ఆటోలో హెడ్డును కాళ్ళ దగ్గర పెట్టుకుని షెడ్డుకు వెళ్ళి మెకానిక్కుకు చెప్పాను. "తెల్సు. ముఖంలోనే కనపడ్తాంది" అన్నాడాయన.

బిగించడం విప్పడం కంటే నెమ్మదిగా సాగింది. చదును చేసిన మేరకు కొంచెం మందమైన గ్యాస్కెట్టు తెప్పించాడు. బోల్టు రంధ్రాల్లో నీటి చుక్క ఉన్నా బిగింపు తప్పుగా చూపిస్తుందని, తీగకు దూది చుట్టి ఒక్కొక్కటీ ఆరబెట్టించాడు. ఈసారి వరస మధ్య నుంచి చివరలకు. బిగింపు కొలిచే పొడవాటి పానాను గుడ్డలోంచి తీసి నా చేతికి ఇచ్చాడు. మూడు విడతలు. ఆయన అంకెలు పలికాడు, నోటుపుస్తకం తెరవనివ్వలేదు. "చేతికి తెలియల్ల" అన్నాడు. మూడో విడతకు ప్రతి బోల్టూ ఒకే చోట ఆగుతున్నట్లు నా మణికట్టుకు నిజంగానే తెలిసింది.

రేడియేటరులో అంగట్లో కొన్న పచ్చటి ద్రవాన్ని, బ్యాటరీలకు పోసే నీళ్ళను కలిపి పోశాము. మొదటిసారి తాళం తిప్పితే ఇంజను దగ్గింది. రెండోసారి పట్టుకుంది. మెకానిక్కు తెరిచిన రేడియేటరు నోట్లోకి వంగి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. బుడగలు వస్తే గ్యాస్కెట్టు పట్టలేదని అర్థమట; రాలేదు. పొగ మొదట తెల్లగా వచ్చి, క్రమంగా పలుచబడి కనిపించకుండా పోయింది. వేడెక్కి చల్లారిన తర్వాత బోల్టులను ఇంకొకసారి చూసుకున్నాము.

"పాత రేడియేటరు. కొంచం తాగుతానే ఉంటాది వారం వారం" అన్నాడాయన. "ఏం పోయల్లో తెల్సు గదా ఇంగ?"

నేను తీసిన గ్యాస్కెట్టు మీద బండి నంబరు రాసి, నాయన కాలపు గ్యాస్కెట్టు ఉన్న మేకుకే తగిలించాడు.

కళాశాల తెరిచారు. పాఠాలు చెప్పాను. శనివారం మళ్ళీ ఫోను మోగలేదు. బండి బాగైందని నేనే చెప్పవచ్చు. రెండుసార్లు ఆయన పేరు మీద వేలు పెట్టి తీసేశాను. నా బండిలో వేయండి అని అడిగినట్లు ఉంటుందేమోనని వెనకాడాను. ఆదివారం తెల్లవారాక, స్నానాలగదిలోని క్యానును లోపలా బయటా కడిగి, సీటు మీద పెట్టుకుని, ఎవరూ పిలవకుండానే పులివెందులకు బయలుదేరాను.

నేను చేరేసరికి కొత్త పికప్పు అక్కడే ఉంది. లోడు కట్టేశారు. యువకుడు తల బయటికి పెట్టి, "లేసిందా సార్ బండి! శానా సంతోషం" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. అతని మాటలో వంకరేమీ లేదు. తోట పెద్దాయన మోటారు గది అరుగు మీద నుంచి లేచి, భుజం మీది తుండు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఈ కోత అయ్యేదాంక ఆ పిల్లోడికి మాట ఇచ్చినా సార్. మీ బండి ఎప్పుడు లేస్తాదో తెల్లేదు. ఫోను చేద్దామంటే, బండి లేని మనిషిని 'వస్తాండారా' అని యట్ల అడిగేది? ఎక్కిరించినట్లుంటాది."

"మీరు చేసినది సరైనదేనండి." అన్నానే గాని, రెండు వారాలుగా గోకి, చదును చేసి, బిగించినదంతా ఒక్కసారిగా పనికిరానిదైపోయినట్లు అనిపించింది. ముఖం మార్చకుండా ఉండడానికి క్యానును ముందుకు చాపాను. "ఇది మీకు తెలుసా?"

ఆయన దాన్ని చూసి, "మీ నాయనది గదా" అన్నాడు. మోటారు గది గడప పక్క నుంచి రెండో క్యాను తెచ్చి దాని పక్కన పెట్టాడు. రెండూ ఒకే కొలత, ఒకే ఎర్రగీత. ఒకటి నిండుగా ఉంది. "ఒగటి ఈడ, ఒగటి బండిలో. వచ్చినప్పుడు మార్చుకుంటాండె. నేను మందు కొట్టేదానికి రేకుల మీది వాన నీళ్ళు తొట్టిలో పట్టిపెడ్తా. బోరు నీళ్ళకు మందు పని చెయ్యదు. మీ నాయన చూసి, బండికి గూడా ఇదే కావల్ల అనె."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు మీరు?"

"చెప్పేదేంది సార్? ప్రతి వారం మీ చక్రం పక్కన పెడ్తానే ఉంటి గదా. మీరు ఎత్తి ఆడ పెడ్తాంటిరి. సదువుకున్నాయన, అంగట్లో మంచి మందు కొని పోస్తాంటాడేమో, ఈ వాన నీళ్ళు ఏం లెక్క అనుకుంటి. మళ్ళా ఆదివారానికి నింపి పెడ్తాంటి. అలవాటు."

"నేను కూలీల నీళ్ళనుకున్నాను."

ఆయన నన్ను చూశాడు. నవ్వు రాబోయి ఆగింది. తర్వాత ఆగలేదు. "కూలోళ్ళు ఆ నీళ్ళు తాగితే కడుపు పట్టుకోని పరిగెత్తుతారు నాయనా, మందు తొట్టి అది!" అని అరుగు మీద కూలబడి నవ్వాడు. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను. నవ్వు ఆగాక ఆయన తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఒగ మాట చెప్పింటే అయిపోతాండె" అన్నాడు, తనలో తాను అన్నట్లు.

బానెట్టు ఎత్తి, నిండు క్యాను నుంచి కొంచెం రేడియేటరులో పోశాను. నీటి మట్టం అంతగా తగ్గలేదు. సగం గ్లాసు కూడా పట్టలేదు. మూత బిగించి, మిగిలిన నీళ్ళ క్యానును సీటు మీద నిలబెట్టాను. వేయవలసిన సరుకు ఏమీ లేదు. తిరుగు దారిలో ఖాళీ ట్రాలీ ప్రతి గుంతకూ చప్పుడు చేసింది. ముద్దనూరు మిట్ట దగ్గర ముల్లు సగంలోనే నిలిచింది. పక్క సీటు మీద నీళ్ళు మెల్లగా కదులుతూ ఉన్నాయి.

బయలుదేరే ముందు నేను ఆయనను రెండు విషయాలు అడగాలనుకున్నాను. వచ్చే కోతకు నా బండిని పిలుస్తారా అన్నది ఒకటి; అడగలేదు. రెండోది, నేను తెచ్చిన ఖాళీ క్యానును ఎక్కడ పెట్టమంటారని; అది అడిగే పని లేకపోయింది. ఆయన నా చేతిలోంచి దాన్ని తీసుకుని, మోటారు గదికి తీసుకెళ్ళకుండా, ప్రతి ఆదివారమూ నా బండి ముందు చక్రం ఆగే చోటనే, టైరు గుర్తు పక్కన, నేల మీద పెట్టాడు. అది అక్కడే ఉండగా నేను వచ్చేశాను.